రెటీనా ఆపరేషన్‌లో వాడే ద్రవం, గాలి, గ్యాస్, నూనె కంటి వేడిని ఎలా మారుస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి రెటీనా (కంటి వెనుక గోడకు లోపలి వైపున ఉండి చూపునిచ్చే పొర) ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇంటి జాగ్రత్తలు చెప్పి పంపించడం నా ఉద్యోగం. ఆపరేషన్ చేసేది నేను కాదు. డాక్టరుగారు చెప్పిన మాటను మరోసారి విడమరిచి చెప్పడమే నా వంతు. చుక్కల మందుల వివరం అయిపోయి సంచి సర్దుకునే వేళకు వచ్చే ప్రశ్నల్లో సగం వేడి గురించే ఉంటాయి. ఎండకు నూనె కరుగుతుందా, పొయ్యి దగ్గర నిలబడితే గ్యాస్ ఉబ్బుతుందా, ఆపరేషన్ మధ్యలో కన్ను చల్లబడినట్లు అనిపించింది, అలా కావచ్చా? వాటికి జవాబులు ఇవి. మీ కంటి విషయంలో చివరి మాట మాత్రం మీ డాక్టరుదే.

మామూలుగా కంటి లోపల ఎంత వేడి ఉంటుంది?

కన్నంతా ఒకే వేడిలో ఉండదు. ముందున్న పారదర్శకమైన పొరకు, అంటే కార్నియాకు గాలి తగులుతుంది, కన్నీరు ఆవిరవుతుంది. అందుకే దాని ఉపరితలం 34 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. వెనక్కి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతూ, రెటీనా దగ్గరకు వచ్చేసరికి శరీరపు వేడికి, అంటే 37 డిగ్రీలకు దగ్గరవుతుంది.

రెటీనా వెనుక కొరాయిడ్ అనే రక్తనాళాల పొర ఉంటుంది. బరువుతో పోల్చి చూస్తే శరీరంలో ఇంత ఎక్కువగా రక్తం పారే చోట్లు చాలా తక్కువ. రెటీనాకు ఆహారం అందించడంతో పాటు దాని వేడిని నిలకడగా ఉంచే పని కూడా ఈ రక్తానిదే. లోపల చల్లబడితే వెచ్చబరుస్తుంది, వేడెక్కితే ఆ వేడిని మోసుకుపోతుంది. కింది జవాబుల్లో చాలావాటికి మూలం ఈ పొరే కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి.

ఆపరేషన్‌లో కంటిలోకి ఏమేమి వెళతాయి?

కనుగుడ్డు లోపల సుమారు 4 మిల్లీలీటర్ల విట్రియస్ జెల్ ఉంటుంది. అందులో దాదాపు 99 శాతం నీరే. రెటీనా ఊడినా, లోపల రక్తం కారినా, షుగరు వల్ల రెటీనా మీద పీచు పొరలు పట్టినా ముందు ఆ జెల్‌ను తీసేయాలి. విట్రెక్టమీ అనే ఈ పద్ధతిని 1970ల మొదట్లో అమెరికాలోని మయామీలో రాబర్ట్ మాకెమర్ వాడుకలోకి తెచ్చారు. ఇప్పుడు అర మిల్లీమీటరు అటూ ఇటూ ఉండే మూడు రంధ్రాలతో పని జరిగిపోతుంది.

ఒక రంధ్రం గుండా లవణ ద్రావణం ఆపకుండా లోపలికి పారుతూ ఉంటుంది. రెటీనాను అదిమి పరచడానికి అవసరమైతే నీటికన్నా బరువైన పెర్‌ఫ్లోరోకార్బన్ ద్రవం వేస్తారు. ఆపరేషన్ గదిలో దాన్ని హెవీ లిక్విడ్ అంటారు. తర్వాత ద్రవాన్ని తీసి గాలి నింపుతారు. చివరగా ఆ గాలి స్థానంలో, రెటీనాను గోడకు ఆనించి ఉంచడానికి, గ్యాస్ గానీ సిలికాన్ నూనె గానీ పెట్టి కుట్లు వేస్తారు, లేదా రంధ్రాలను వాటంతట అవే మూసుకోనిస్తారు. అందరికీ ఇవన్నీ వాడరు. మీ కంటిలో ఏది మిగిల్చారో డిశ్చార్జి కాగితం మీద ఉంటుంది. ఆ ఒక్క ముక్కా చదివించుకోకుండా ఇంటికి వెళ్లవద్దు.

ఆపరేషన్ జరుగుతున్నప్పుడు కన్ను నిజంగా చల్లబడుతుందా?

నిజంగానే, అదీ బాగా చల్లబడుతుంది. స్టాండుకు వేలాడే సీసాలోని లవణ ద్రావణం ఆపరేషన్ గది చల్లదనంలోనే ఉంటుంది, అంటే 20 నుంచి 24 డిగ్రీలు. ఆ ద్రవం పారుతుంటే కంటి మధ్య భాగపు వేడి 30 డిగ్రీల కిందికి దిగిపోతుందని ఆపరేషన్ సమయంలోనే సన్నని సెన్సర్లు పెట్టి కొలిచి చూశారు. కొరాయిడ్ ఆనుకుని ఉన్నందువల్ల రెటీనా అంత తొందరగా చల్లబడదు. అయినా శరీరపు వేడికన్నా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది.

ఎంత తగ్గుతుందనేది ద్రవం ఎంత చల్లగా ఉంది, ఎంత జోరుగా పారుతోంది, ఎంతసేపు పారింది అన్న మూడింటిని బట్టి ఉంటుంది. నీటికి వేడిని మోసుకుపోయే శక్తి చాలా ఎక్కువ. ఒక మిల్లీలీటరు నీరు ఒక డిగ్రీ వేడెక్కడానికి 4 జౌళ్లకు పైగా వేడి తీసుకుంటుంది. అంతే పరిమాణపు సిలికాన్ నూనెకు అందులో మూడో వంతు చాలు. పైగా ఈ నీరు నిలవ ఉండదు. వెచ్చబడిన నీరు బయటికి పోతూ ఉంటే చల్లటి నీరు వస్తూనే ఉంటుంది. కొరాయిడ్ ఎంత వేడి అందించినా ప్రవాహం దాన్ని ఎత్తుకుపోతుంది.

మత్తు ఇంజెక్షన్ కంటి పక్కన ఇచ్చి, మెలకువగా ఉంచి చేసే ఆపరేషన్లలో కొందరికి కంటి చుట్టూ చల్లగా తెలుస్తుంది. చెంప మీదుగా చెవి వైపు నీరు కారినట్లు అనిపించినా అది ఆ ద్రవమే. భయపడనక్కరలేదు. మొహం మాత్రం కదిలించకండి, చెప్పాలనుకున్నది నోటితో చెప్పండి.

అలా చల్లబడడం మంచిదా, చెడ్డదా?

రెండు వైపులా మాట్లాడవచ్చు. చల్లబడిన కణజాలానికి ఆక్సిజన్ అవసరం తగ్గుతుంది, అందువల్ల కొద్దిసేపు రక్తప్రసరణ తగ్గినా తట్టుకోగలదు. మరో వైపు, వేడి ఒకసారి కిందికి, మళ్లీ గబగబా పైకి మారడం సున్నితమైన కణాలకు ఒత్తిడేనని వాదించేవారు ఉన్నారు. ద్రావణాన్ని ముందుగా వెచ్చబెట్టి వాడాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. గది ఉష్ణోగ్రతలో ఉన్న ద్రవంతో దశాబ్దాలుగా లక్షల ఆపరేషన్లు జరిగి చూపు నిలిచింది కాబట్టి, రోగి ఈ సంగతి మీద నిద్ర పాడుచేసుకోవలసిన పని లేదని నా ఉద్దేశం. ప్రవాహం ఆపగానే కొరాయిడ్ రక్తం కొద్ది నిమిషాల్లోనే కంటిని తిరిగి వెచ్చబరుస్తుంది.

ద్రవం తీసి గాలి నింపినప్పుడు ఏమవుతుంది?

గాలికి వేడిని మోసే శక్తి లేదనే చెప్పాలి. వేడిని ప్రసరింపజేయడంలో నీటికీ గాలికీ ఇరవై రెట్లకు పైగా తేడా ఉంది. అందుకని ద్రవం తీసేసి గాలి నింపగానే వేడిని దోచుకుపోయే ప్రవాహం ఆగుతుంది, రెటీనా కోలుకోవడం మొదలవుతుంది. ఇంతవరకు మంచిదే.

చిక్కు మరోచోట ఉంది. యంత్రం నుంచి వచ్చే గాలి పొడిగా ఉంటుంది. తడిగా ఉన్న రెటీనా మీదుగా పొడి గాలి పోతే తడి ఆవిరవుతుంది. ఎండాకాలం కుండలో నీరు చల్లబడే తీరే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే ఇక్కడ చల్లదనం కన్నా ఎండిపోవడమే పెద్ద ఇబ్బంది. గాలి ఒరవడి నేరుగా తగిలిన చోట రెటీనా దెబ్బతిని, తర్వాత చూపు పరిధిలో ఒక పక్క మసక మిగిలిన సందర్భాలు వైద్యులకు తెలుసు. అందుకే గాలి ఒత్తిడిని అదుపులో ఉంచుతారు, ఆ దశను అనవసరంగా సాగదీయరు.

పక్కన నిలబడి చూసేవారికి ఇక్కడ ఒక వింత కనిపిస్తుంది. ఇదివరకే శుక్లం ఆపరేషన్ అయి, లెన్సు వెనుక పొర తెరుచుకుని ఉన్న కంటిలో గాలి నింపగానే మైక్రోస్కోపు తెర మీద దృశ్యం ఉన్నట్టుండి తెల్లగా మసకబారుతుంది. రెటీనా వైపు తేమ వెచ్చగా ఉంటుంది, ముందున్న లెన్సు దానికన్నా చల్లగా ఉంటుంది. ఆ తేమ వచ్చి లెన్సు వెనుక వైపున సన్నని బిందువులుగా పేరుకుంటుంది. వాన రోజున బస్సు అద్దం లోపలి వైపు మసకబారడానికీ ఇదే కారణం. డాక్టరు మెత్తని చిట్కా ఉన్న పరికరంతో తుడుస్తారు, లేదా జిగురులాంటి విస్కోఎలాస్టిక్ పదార్థం పూస్తారు. రెండు మూడు డిగ్రీల తేడా ఆపరేషన్ మధ్యలో చేయగల అల్లరి అది.

హెవీ లిక్విడ్ సంగతి ఏమిటి?

నీటికన్నా దాదాపు రెండింతల సాంద్రత గల ద్రవం ఇది. పెర్‌ఫ్లోరో ఆక్టేన్ సాంద్రత 1.76. 1980ల చివరలో స్టాన్లీ చాంగ్ రెటీనా ఆపరేషన్లలో దీని వాడకానికి దారి వేశారు. కిందికి దిగి రెటీనాను పరుస్తుంది, వేడిని మాత్రం నీటిలో సుమారు పదో వంతే ప్రసరింపజేస్తుంది. అంటే రెటీనా మీద ఒక దుప్పటిలా ఉండి, పైన పారే చల్లటి ద్రవం నుంచి కాపాడుతుంది. ఆపరేషన్ ముగిసేలోపే తీసేస్తారు. ఒకటి రెండు చుక్కలు మిగిలినా, గాలి దశలో పెర్‌ఫ్లోరో ఆక్టేన్ తేలికగా ఆవిరై పోతుంది.

నూనె పెట్టారు. రోహిణి కార్తె ఎండకు అది కరుగుతుందా, మరుగుతుందా?

కరగడానికి అది గడ్డకట్టి లేదు, మరగడానికి కంటిలో ఆ వేడి రాదు. 1962లో పాల్ సిబిస్ రెటీనా చికిత్సలో మొదలుపెట్టిన ఈ సిలికాన్ నూనె వంటనూనె లాంటిది కాదు. చాలా నిలకడైన పదార్థం.

వేడికి దాని చిక్కదనం కాస్త మారుతుందన్నది నిజమే. 1000 లేదా 5000 సెంటీస్టోక్స్ అని సీసా మీద రాసే అంకె 25 డిగ్రీల దగ్గర కొలిచినది. 37 డిగ్రీలకు వచ్చేసరికి అది కొంత పలచబడుతుంది. ఏసీ గదిలో ఉన్న 5000 నూనెను సన్నని గొట్టం గుండా ఎక్కించడం ఎంత కష్టమో సిరంజి పట్టుకున్నవారిని అడగండి. లోపలికి వెళ్లి వెచ్చబడ్డాక నూనె పరిమాణం పెరిగేది ఒకటిన్నర శాతం లోపే, అంటే 4 మిల్లీలీటర్లకు ఇంచుమించు ఒక చుక్క. ఆ తర్వాత మీరు నెల్లూరు ట్రంకు రోడ్డు మీద మిట్ట మధ్యాహ్నం నడిచినా, బయట 44 డిగ్రీలు ఉన్నా, నూనె ఉండేది మీ రక్తపు వేడిలోనే.

నూనె చితికి సన్నని బిందువులుగా మారడం వేరే విషయం. అది జరిగేది ఎక్కువ కాలం కంటిలో ఉండిపోవడం, కంటి కదలికలు, నూనె పలచగా ఉండడం, రక్తంలోని ప్రొటీన్లు కలవడం వంటి కారణాలతో. ఎండ ఆ జాబితాలో లేదు. అందుకే సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల్లో నూనె తీసేయించుకోవాలని చెబుతారు. "ఇప్పుడు కన్ను బాగానే ఉంది కదా, పంట కోతలు అయ్యాక వస్తాం" అని ఏడాది దాటించేవారిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. చితికిన నూనె కంటి ఒత్తిడి పెంచి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది.

నూనె ఉన్న కంటిలో చల్లగాలికి జివ్వుమంటోంది. ఎందుకు?

నూనె వేడిని నీటిలో నాలుగో వంతే ప్రసరింపజేస్తుంది. వెనుక కొరాయిడ్ నుంచి వచ్చే వెచ్చదనం ముందు భాగానికి మునుపటిలా చేరకపోవచ్చు. బైకు మీద ఎదురుగాలికి, ఏసీ బస్సులో తల మీది గాలికి ఆ తేడా కొందరికి తెలుస్తుంది. కుట్ల దగ్గర రాపిడి, కన్నీరు ఆరిపోవడం కూడా ఇలాగే అనిపిస్తాయి. కళ్లద్దాలు పెట్టుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. జివ్వుమనడం పోయి నొప్పిగా మారితే, కన్ను ఎర్రబడితే ఆసుపత్రికి రండి.

గ్యాస్ పెట్టారు. వేడికి గ్యాస్ వ్యాకోచిస్తుందని బడిలో చదువుకున్నాం. మరి ఎండలో తిరగవచ్చా?

ఈ ప్రశ్న అడిగినవారిని ముందు మెచ్చుకుంటాను, ఎందుకంటే ఇందులోని భౌతికశాస్త్రం సరైనదే. కొలత మాత్రం చూసుకోవాలి.

గది గాలి 20 డిగ్రీల నుంచి శరీరపు 37 డిగ్రీలకు వెళితే పరిమాణం 6 శాతం దాకా పెరుగుతుంది. అది ఆపరేషన్ బల్ల మీదే, క్షణాల్లో అయిపోతుంది. డాక్టరు చివరగా ఒత్తిడి చూసి సరిచేసేటప్పటికే ఆ పెరుగుదల లెక్కలో పడిపోయి ఉంటుంది. ఆ తర్వాత కంటి లోపలి వేడి ఒక డిగ్రీ పెరిగితే గ్యాస్ పెరిగేది 0.3 శాతం మాత్రమే. 39 డిగ్రీల జ్వరం వచ్చినా ఒక శాతం దాటదు.

ఆపరేషన్ తర్వాత గ్యాస్ ఉబ్బుతుందని వినే ఉంటారు. అది వేడి వల్ల కాదు. రక్తంలోని నైట్రోజన్ వంటి వాయువులు బుడగలోకి చేరడం వల్ల. కంటిలో పెట్టే గ్యాసుల్లో రెండింటి పేర్లు ఎస్ఎఫ్6, సీ3ఎఫ్8. స్వచ్ఛమైన ఎస్ఎఫ్6 రెండింతలు, సీ3ఎఫ్8 నాలుగింతలు అవుతాయి. అందుకే వాటిని గాలితో కలిపి, ఎస్ఎఫ్6 అయితే 20 శాతం, సీ3ఎఫ్8 అయితే 14 శాతం దగ్గర వాడతారు. ఆ పాళ్లలో ఉబ్బవు. ఎస్ఎఫ్6 రెండు వారాల్లో, సీ3ఎఫ్8 ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కరిగిపోతుంది.

అయితే గ్యాస్ ఉన్నవారికి అసలు ప్రమాదం ఎక్కడ?

కొండ మీద. మన జిల్లాల వారికి నేను గట్టిగా చెప్పేది ఇదే. ఆపరేషన్ బాగా జరిగిందని మొక్కు తీర్చుకోవడానికి వారం తిరగకముందే తిరుమల బయలుదేరతారు. నెల్లూరు సముద్ర మట్టానికి ఎంతో ఎత్తులో లేదు, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ వాతావరణ పీడనం కింద ఉన్నదానికన్నా దాదాపు పదో వంతు తక్కువ. పీడనం తగ్గితే గ్యాస్ ఆ మేరకు పెరగాలని చూస్తుంది. కంటిలో 3 మిల్లీలీటర్ల గ్యాస్ ఉంటే 0.3 మిల్లీలీటరు. కనుగుడ్డు బెలూను కాదు, సాగదు. ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, రెటీనాకు రక్తం అందడమే ఆగిపోవచ్చు. ఒక డిగ్రీ ఎండకు 0.3 శాతం, ఘాటు రోడ్డుకు 10 శాతం. దేనికి భయపడాలో మీరే చూడండి.

ఘాటు రోడ్డు మీద బస్సు గంటలోపే పైకి చేరుస్తుంది కాబట్టి కంటిలోని ద్రవం బయటికి పోయి సర్దుకునే వ్యవధి కూడా ఉండదు. మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లేవారికీ ఇదే మాట, ఎత్తు తక్కువైనా. బెంగళూరులో పిల్లల దగ్గరకు వెళ్లేవారు ఆ ఊరు 900 మీటర్ల ఎత్తున ఉందన్న సంగతే మరిచిపోతారు. రైలులో కూర్చుంటే ఎక్కినట్లే తెలియదు. ఉదయగిరి దుర్గం కూడా తర్వాత ఎక్కవచ్చు. విమానం అసలే వద్దు. క్యాబిన్‌లో పీడనం 1800 నుంచి 2400 మీటర్ల ఎత్తున ఉన్నట్లు ఉంటుంది. చెన్నైకి మాత్రం నిశ్చింతగా వెళ్లవచ్చు, దారి అంతా చదునే.

చూపులో నీటి మట్టంలాంటి గీత ఒకటి రోజురోజుకూ కిందికి దిగుతూ, చివరికి చిన్న బుడగగా మారి మాయమవుతుంది. మాయమైందని మీకు అనిపించినా, డాక్టరు చూసి చెప్పాకే కొండ ఎక్కండి. పొరపాటున దారిలో ఉండగా కంట్లో తీవ్రమైన నొప్పి, వాంతి, చూపు చీకటి కావడం మొదలైతే వెంటనే కిందికి దిగి దగ్గరలోని కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

నూనె ఉన్నవారికి ఈ నిషేధం లేదు. ద్రవం పీడనానికి అలా ఉబ్బదు.

పొగాకు బ్యారన్ దగ్గర పని. ఎప్పుడు వెళ్లవచ్చు?

కొండపి, టంగుటూరు, కందుకూరు వైపు నుంచి వచ్చేవారి ప్రశ్న ఇది. ఆకు ఆరబెట్టే చివరి దశలో బ్యారన్ లోపల 65 నుంచి 70 డిగ్రీల దాకా వెళుతుంది. తలుపు తీసినప్పుడు మొహానికి కొట్టే సెగ కార్నియాను, రెప్పలను ఎండబెడుతుందే తప్ప, లోపలి నూనెనూ గ్యాస్‌నూ ఏమీ చేయదు. నేను వద్దనేది వేరే కారణాలకు. పొగ, ఆకు దుమ్ము, చెమట తుడిచిన చేయి కంటికి తగలడం, పైకి ఎక్కి కర్రలు అందుకోవడం. ఒంటి కంటితో ఎత్తు అంచనా తప్పుతుంది, గ్యాస్ ఉన్న కంటికి ఇంకా ఎక్కువగా తప్పుతుంది. చీమకుర్తి గ్రానైటు క్వారీల వారికి దుమ్ముతో పాటు రాతి పెళ్లల భయం కూడా ఉంది, రక్షణ అద్దాలు లేకుండా వెళ్లనే వద్దు. రొయ్యల చెరువుల వారు గాయం మానేదాకా ఆ నీరు మొహానికి తగలనివ్వకూడదు.

ఇంట్లో వంట చేయడానికి అడ్డు లేదు. బోర్లా పడుకోవాలని చెప్పిన రోజుల్లో మాత్రం వంటగదికి వెళ్లే వ్యవధి మీకు ఉండకూడదు!

లేజర్ వేడి, క్రయో చల్లదనం కంటికి హాని చేయవా?

చేసేది హానే, కావాలని, కొలిచి చేసే హాని. లేజర్ పడిన చుక్క 60 డిగ్రీల దాకా వేడెక్కి ప్రొటీన్లు గడ్డకడతాయి, అక్కడ ఏర్పడే మచ్చే రెటీనాను గోడకు అతికిస్తుంది. ఒక్కో చుక్కకు సెకనులో ఒకటి రెండు పదో వంతులే పడుతుంది. పక్కకు పాకే వేడిని కొరాయిడ్ రక్తం మోసుకుపోతుంది. క్రయో పరికరం కొన అందుకు భిన్నంగా సున్నాకు ఎంతో కిందికి చల్లబడి, బయటి నుంచే లోపల తెల్లటి మంచు మచ్చ కట్టిస్తుంది. ద్రవం నిండిన కంటిలో ఆ మచ్చ ఏర్పడడానికి కాస్త వ్యవధి పడుతుంది, గాలి నిండిన కంటిలో తొందరగా కడుతుంది, ఎందుకంటే ఎదురు నిలిచి వేడి అందించే నీరు అక్కడ లేదు. అలవాటున్న డాక్టరు ఆ తేడా చూసుకుని ముందే పెడల్ వదిలేస్తారు.

కంటి చుట్టూ సిలికాన్ బెల్టు వేశారు. అది వేడెక్కుతుందా?

వేడెక్కదు. అది గట్టి సిలికాన్, లోహం కాదు. కండరాల కింద శరీరపు వేడిలోనే ఉంటుంది.

కాపడం పెట్టవచ్చా? చల్లదనానికి తలకు ఆముదం?

ఉప్పు మూట కాపడం వద్దు. వేడి కన్నా, నొక్కడం ప్రమాదం. మత్తు పూర్తిగా దిగని రెప్ప కాలినా తెలియదు. రెప్పల వాపుకు చల్లటి గుడ్డ ఆనించవచ్చా అన్నది డాక్టరును అడిగి, కంటి మీద పెట్టే రక్షణ కప్పు (షీల్డు) మీద నుంచి మాత్రమే. తలకు ఆముదం పట్టించి మర్దనా చేయడం, కంట్లో తల్లిపాలు పిండడం రెండూ మానుకోవాలి. మొదటిది కంటిని కుదుపుతుంది, రెండోది సూక్ష్మక్రిములను తెస్తుంది.

మామిడిపండు, కోడికూర తింటే కంటికి వేడి చేస్తుందా?

కంటి ఉష్ణోగ్రత మారదు. షుగరు ఉన్నవారు మామిడిపండును లెక్కగా తినాలి, అది షుగరు కోసం. మాంసం, గుడ్డు, పప్పు గాయం మానడానికి పనికొస్తాయి. పథ్యం పేరుతో పది రోజులు చారన్నంతో నీరసపడి వచ్చేవారిని ఎవరూ మెచ్చుకోరు.

జ్వరం వస్తే?

జ్వరం కంటిలోని నూనెనూ గ్యాస్‌నూ పాడుచేయదు. కానీ ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో కన్ను ఎర్రబడి, నొప్పి పెరిగి, చూపు తగ్గితే జ్వరం ఉన్నా లేకపోయినా అది లోపలి ఇన్ఫెక్షన్ కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా బయలుదేరండి.

గ్యాస్ ఉండగా మరో ఆపరేషన్ అవసరమైతే?

చేయి విరిగిందని, కాన్పు అని మరో ఆసుపత్రికి వెళ్లవలసి వస్తే మత్తు డాక్టరుకు మొదటి మాటగా కంటిలో గ్యాస్ ఉందని చెప్పండి. మత్తులో వాడే నైట్రస్ ఆక్సైడ్ రక్తం నుంచి ఆ బుడగలోకి వేగంగా చేరి నిమిషాల్లో ఒత్తిడి పెంచుతుంది. మీరు మాట్లాడలేని స్థితిలో ఉండవచ్చు, అందుకే కొన్ని ఆసుపత్రులు చేతికి పట్టీ కడతాయి. పట్టీ ఇవ్వకపోతే ఏ గ్యాస్, ఏ తేదీన పెట్టారో కాగితం మీద రాయించుకుని, గ్యాస్ పూర్తిగా పోయేదాకా ఆధార్ కార్డుతో పాటే ఉంచుకోండి.